వెనక చక్రం సూటిగా ఉందా? దారంతో చూసుకోవచ్చు

చైన్ బిగించిన ప్రతిసారీ బండి ఒక పక్కకి లాగుతోంది. స్వింగార్మ్ (వెనక చక్రాన్ని రెండు పక్కలా పట్టుకునే చేతులు) మీద చక్రం ఎక్కడుందో చూపే గీతలు రెండు వైపులా సమానంగానే ఉన్నాయి. ఆ గీతల్ని నమ్మడం మానేశాను.

బండికి మెయిన్ స్టాండ్ వేసి, హ్యాండిల్ సూటిగా పెట్టండి. 5 మీటర్ల నైలాన్ దారం మధ్యభాగాన్ని వెనక టైరు వెనకవైపు ఆనించి, రెండు కొసల్నీ సైలెన్సర్‌కీ, స్టాండ్‌కీ తగలకుండా ముందు చక్రం దాటేదాకా లాగండి. అక్కడ రెండు స్టూళ్లకి కట్టి, దారం వెనక టైరు ముందు అంచుని అలా తాకీ తాకనట్టు ఉండేలా స్టూళ్లు జరపండి. హడావుడి పడొద్దు, ఓపిక కావాల్సింది ఇక్కడే. ఇప్పుడు ముందు టైరుకీ దారానికీ మధ్య సందు రెండు వైపులా స్కేలుతో కొలవండి. ముందు 80, వెనక 100 మి.మీ. వెడల్పు టైర్లయితే ఒక్కో పక్క దాదాపు 10 మి.మీ. రావాలి.

కుడివైపు సందు ఎక్కువుంటే యాక్సిల్ (చక్రం ఇరుసు) నట్టు వదులు చేసి, ఎడమ అడ్జస్టర్ (ఆ పక్క యాక్సిల్‌ని వెనక్కి లాగే మర) పావు చుట్టు బిగించి మళ్లీ కొలవండి. ఎడమ ఎక్కువైతే కుడిది. చివర్లో చైన్ వదులు, వెనక బ్రేకు చూసుకుని యాక్సిల్ నట్టు గట్టిగా బిగించండి.

రెండు టైర్లూ ఒకే వెడల్పున్న 100 సీసీ బళ్లకి ఇది పనికిరాదు, సందే ఉండదు. వాటికి స్వింగార్మ్‌ని ఫ్రేముకి బిగించే బోల్టు మధ్య నుంచి యాక్సిల్ మధ్యకి రెండు పక్కలా టేపుతో కొలవడమే. చక్రం పట్టుకుని అటూఇటూ ఊపితే స్వింగార్మే కదులుతోందంటే ఆ బోల్టు చుట్టూ ఉండే బుష్‌లు అరిగినట్టు. ముందు అవి మార్పించండి.