పాత జీపు డీజిల్ తాగేస్తోందా? కోరాపుట్ కొండ దారుల బళ్ళకు సమస్య – పరిష్కారం

ఒడిశాలోని కోరాపుట్, రాయగడ జిల్లాల్లో మన తెలుగువాళ్ళ ఇళ్ళ ముందు పాత మహీంద్రా జీపులు, కమాండర్లు, తొలి బొలేరోలు ఇంకా కనిపిస్తాయి. సంతకు సరుకు వేసుకెళ్ళాలన్నా, వానాకాలం బురదలో కొండ మీది ఊరికి చేరాలన్నా వాటినే నమ్ముకుంటాం. అమ్మేద్దామనే మాట వచ్చిందంటే ఎక్కువసార్లు కారణం మైలేజీయే.

మైలేజీ పడగానే నేరుగా డీజిల్ పంపు, ఇంజనులోకి డీజిల్ చిమ్మే నాజిళ్ళు విప్పించడం చాలామందికి అలవాటు. నన్నడిగితే అది ఆఖరి పని. ముందు చక్రాలు, తరవాత ఇంజనుకు అందే గాలి, తరవాత ఇంజను వేడి చూసుకోవాలి. ఇవన్నీ బాగున్నాయని తేలాకే పంపు జోలికి వెళ్ళాలి. ఇక్కడ చెప్పేదంతా మెకానికల్ పంపు ఉన్న పాత డీజిల్ బళ్ళ గురించి.

ముందు కొలత సరిగ్గా ఉందా?

సాలూరులో ట్యాంకు నింపి, కోరాపుట్‌లో మళ్ళీ నింపి లెక్క వేస్తే ఆ అంకెతో పని లేదు. సాలూరు నుంచి కోరాపుట్ సుమారు 750 మీటర్లు ఎత్తు. టన్నున్నర దాటిన బండిని అంత పైకి లాగడానికే ఒక లీటరు పైగా డీజిల్ పోతుంది. అందుకని బయల్దేరిన బంకుకే తిరిగి రండి. అదే మిషను దగ్గర, బండిని అదే వాటంలో నిలబెట్టి, బంకు గొట్టం నాజిల్ తనంతట తాను ఆగేదాకా నింపించండి. కనీసం రెండు ట్యాంకుల లెక్క చూశాక ఒక మాట అనుకోవచ్చు.

టైర్లు పెద్దవి వేయించారా? మీటరు అబద్ధం చెబుతుంది. బొలేరోకి 215/75 ఆర్15 తీసి 235/75 ఆర్15 వేస్తే చక్రం వ్యాసం 703 మిల్లీమీటర్ల నుంచి 733కి పెరుగుతుంది. మీటరు మీద 100 కిలోమీటర్లు చూపిస్తే నిజంగా తిరిగింది 104. అంటే పోయిందనుకున్న మైలేజీలో కొంత అసలు పోనే లేదు. మిగతాది మాత్రం నిజంగానే పోతుంది, ఎందుకంటే బురద కోసం వేసే మడ్ టైరు బరువు ఎక్కువ, తారు మీద ఒరిపిడీ ఎక్కువే.

లక్షణం: యాక్సిలరేటర్ వదిలితే బండి పట్టేసినట్టు ఆగిపోతుంది

చదునైన ఖాళీ రోడ్డు మీద, బ్రేకు ఎక్కువ వాడకుండా కాసేపు నడిపి ఆపండి. నాలుగు చక్రాల బ్రేకుల (డ్రమ్ములైనా, డిస్కులైనా) దగ్గరికి చెయ్యి పోనిచ్చి, తాకకుండా వేడి చూడండి. ఒకటి మిగతావాటికన్నా బాగా వేడిగా ఉంటే దొంగ దొరికినట్టే. ఆ చక్రాన్ని జాకీ మీద లేపి చేత్తో తిప్పితే ఎక్కడ రాసుకుంటోందో వినిపిస్తుంది కూడా.

మన దగ్గర వాగులు దాటే బళ్ళకు ఇది మామూలే. డ్రమ్ములోకి నీళ్ళు, ఒండ్రు చేరి వీల్ సిలిండర్ పట్టేస్తుంది. హ్యాండ్ బ్రేకు కేబులు తుప్పు పట్టి వెనక్కి రాదు. సిలిండర్ కిట్ మార్చి, కేబులుకి గ్రీజు పెట్టి, షూలు సెట్ చేయిస్తే సరిపోతుంది. నాలుగు చక్రాలూ ఒకేలా బిగుసుకుంటే మాత్రం మాస్టర్ సిలిండర్ రాడ్డుకి ఫ్రీ ప్లే (కొద్దిపాటి వదులు) ఉందో లేదో చూడాలి. డ్రమ్ము చల్లగా ఉండి చక్రం బిగుతుగా తిరిగితే బేరింగు మరీ బిగించి ఉండొచ్చు.

టైర్లలో గాలి సంగతి అందరికీ తెలిసిందే, కానీ బురద కోసం తగ్గించిన గాలిని తారు ఎక్కగానే మళ్ళీ కొట్టించేవాళ్ళు తక్కువ.

లక్షణం: తారు రోడ్డు మీద మలుపు తిరిగేటప్పుడు స్టీరింగు బిగుస్తుంది

ఫోర్ వీల్ లివరు పడే ఉందన్నమాట. ఈ బళ్ళలో ముందు, వెనక ఇరుసుల మధ్య వేగం తేడాను సర్దే డిఫరెన్షియల్ ఉండదు కాబట్టి తారు మీద అవి ఒకదాన్నొకటి లాక్కుంటాయి. డీజిలూ పోతుంది, గేర్లూ పోతాయి. లివరు రాకపోతే బలవంతంగా లాగొద్దు. బండిని తిన్నగా కొంత దూరం రివర్స్ చేస్తే బిగింపు వదులుతుంది, అప్పుడు లివరు సులువుగా వచ్చేస్తుంది. ముందు చక్రాలకు హబ్ లాకులు (చక్రాన్ని ఇరుసుతో కలిపే, విడదీసే లాకులు) ఉంటే వాటినీ ఫ్రీలో పెట్టండి. లేకపోతే ముందు ఇరుసు, ప్రొపెల్లర్ షాఫ్టు ఊరికే తిరుగుతుంటాయి.

లక్షణం: ఘాటీలో నల్ల పొగ

డీజిల్ ఎక్కువ, గాలి తక్కువ. నల్ల పొగకు అర్థం అంతే. ఏది ఎక్కువైంది, ఏది తక్కువైంది అన్నదే తేల్చుకోవాలి.

మొదట ఎయిర్ క్లీనర్. పాత జీపుల్లో ఆయిల్ గిన్నె ఉండే రకం ఉంటుంది. దామన్‌జోడి వైపు ఎర్ర దుమ్ములో తిరిగిన బండి గిన్నె విప్పితే అడుగున ఆయిల్ ఉండదు, వేలికి అంటుకునే ఎర్ర ముద్ద ఉంటుంది. గిన్నెను, పైన ఉండే జాలీని డీజిల్‌తో కడిగి ఆరనిచ్చి, కొత్త ఆయిల్ గుర్తు వరకే పోయండి. గుర్తు దాటితే ఇంజను ఆ ఆయిల్‌ని పీల్చుకుంటుంది. పేపరు ఎలిమెంటు ఉన్న బళ్ళకు గాలి కొట్టించి సరిపెట్టుకోవడం ఒకటి రెండుసార్లకే, తరవాత కొత్తది వేయాలి. క్లీనర్ నుంచి ఇంజనుకు వెళ్ళే రబ్బరు గొట్టం చిట్లిందేమో కూడా చూడండి. ఆ చీలికలోంచి దుమ్ము నేరుగా లోపలికి పోయి పిస్టన్ రింగులను అరగదీస్తుంది.

గాలి దారి బాగున్నా పొగ తగ్గలేదా? అప్పుడు పంపు మీద అనుమానం. బండి బాగా లాగాలని కింద మైదానంలో పంపు స్క్రూ తిప్పించి డీజిల్ పెంచుతారు. పార్వతీపురం రోడ్డు మీద దాని తప్పు పెద్దగా కనపడదు. కోరాపుట్ ఎత్తు సముద్ర మట్టానికి 870 మీటర్ల దగ్గర. అక్కడ గాలి సుమారు పదో వంతు పలచబడుతుంది. టర్బో లేని ఇంజనుకు అందే గాలి ఆ మేరకు తగ్గుతుంది, పంపు మాత్రం అంతే డీజిల్ పోస్తుంది. కాలకుండా మిగిలినదే పొగ గొట్టంలోంచి నల్లగా బయటికి వస్తుంది. పంపును బెంచీ మీద పెట్టి క్యాలిబ్రేషన్ చేయించి, స్క్రూకి సీలు వేయించుకోండి. నాజిళ్ళను కూడా అక్కడే టెస్టు చేయించండి. డీజిల్ సన్నటి మంచులా చిమ్మాలి, చుక్కలు రాలకూడదు. ఈ పని బెంచీ ఉన్న షాపులోనే చేయించాలి. చెవితో విని స్క్రూ తిప్పే మెకానిక్ ఎంత అనుభవజ్ఞుడైనా నేను ఒప్పుకోను.

తెల్ల పొగ పొద్దున్న స్టార్ట్ చేయగానే వచ్చి పోతే హీటర్ ప్లగ్గులు చూడండి. వేడెక్కాక కూడా వస్తుంటే టైమింగో, కంప్రెషనో అని అర్థం. నీలం పొగ అంటే ఇంజను ఆయిల్ కాలుతోంది. ముందు కంప్రెషన్ కొలిపించండి, ఇంజను విప్పాలా వద్దా అన్నది ఆ తరవాత.

లక్షణం: టెంపరేచర్ ముల్లు పైకి రాదు

వేసవిలో బండి మరిగిందని థర్మోస్టాట్ (ఇంజను వేడెక్కాకే రేడియేటర్‌కి నీళ్ళు వదిలే వాల్వు) తీసేసి, గొట్టాలు కలిపేసి పంపిస్తారు. ఆ తరవాత ఇంజను ఎప్పుడూ చల్లగానే ఉంటుంది, డీజిల్ సరిగా కాలదు. డిసెంబరు చలిలో సెమిలిగుడ వైపు తిరిగే బళ్ళకు ఈ నష్టం మరీ ఎక్కువ. చల్లటి ఇంజను స్టార్ట్ చేసి రేడియేటర్ పై గొట్టం పట్టుకోండి. అది కాసేపు చల్లగా ఉండి ఒక్కసారిగా వేడెక్కాలి. మొదటి నుంచీ కొద్దికొద్దిగా వెచ్చబడుతుంటే థర్మోస్టాట్ లేదు, లేదా తెరుచుకుని ఉండిపోయింది. కొత్తది వేయండి. బండి మరగడానికి అసలు కారణం రేడియేటర్‌లో పేరుకున్న మట్టి అయితే దాన్ని కడిగించండి.

లక్షణం: డిప్‌స్టిక్ మీద ఆయిల్ పెరుగుతోంది

ఆయిల్ పలచగా ఉండి, డీజిల్ వాసన వస్తే బండి కదపొద్దు. ఇంజనుకు బిగించిన ఫీడ్ పంపు డయాఫ్రమ్ (లోపలి రబ్బరు పొర) చిరిగితే డీజిల్ ఇంజను ఆయిల్ ఉండే చాంబర్‌లోకి దిగుతుంది. ఇలాగే నడిపితే బేరింగులు పోతాయి. పంపు బాగుచేయించి, ఆయిల్, ఫిల్టరు మార్చాకే స్టార్ట్ చేయాలి.

లక్షణం: ఎక్కుడులో ఇంజను అరుస్తుంది, వేగం రాదు

క్లచ్ జారుతోంది. పెడల్ ఫ్రీ ప్లే సెట్ చేయించండి, తగ్గకపోతే ప్లేటు మార్పించండి.

దిగుడులో న్యూట్రల్

డీజిల్ మిగులుతుందని సాలూరు–కోరాపుట్ దారిలోని సుంకి ఘాటీ న్యూట్రల్‌లో దిగేవాళ్ళున్నారు. దయచేసి ఆ పని చేయకండి. గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలితే, ఇంజను ఐడిల్ కన్నా వేగంగా తిరిగినంతసేపు పంపులో వేగాన్ని బట్టి డీజిల్ సర్దే గవర్నర్ డీజిల్ ఆపేస్తుంది. న్యూట్రల్‌లో మాత్రం ఐడిల్‌కి కావలసిన డీజిల్ పోతూనే ఉంటుంది. పైగా భారమంతా బ్రేకుల మీద పడి, డ్రమ్ములు కాలి, కింది మలుపుల దగ్గరికి వచ్చేసరికి పెడల్ పనిచేయదు. ఇంజనే ఆపేస్తే బ్రేకు పెడల్‌కి బలం ఇచ్చే వాక్యూమ్ బూస్టర్ కూడా ఉండదు. ఎక్కేటప్పుడు ఏ గేరు కావలసి వచ్చిందో దిగేటప్పుడూ అదే గేరులో దిగండి.