జూదం – వినియోగదారుడి హక్కులు, 3వ పాఠం: బోనస్ షరతులను లెక్కగట్టి చదవడం

ముందు పోయిన పాఠంలోని అభ్యాసానికి జవాబు చూద్దాం: రూలెట్‌లో, అంటే తిరిగే చక్రంలో బంతి ఏ అంకె గడిలో ఆగుతుందో పందెం కాసే ఆటలో, కంపెనీ వాటా ఎంత? ఒకే సున్నా ఉన్న రూలెట్ చక్రంలో 37 గళ్లుంటాయి. ఒక అంకె మీద 1 కాసి గెలిస్తే 35 లాభం ఇస్తారు. రెండు వైపులా సమానమైన ఆట అయితే 36 ఇవ్వాలి. ఆ తేడాయే కంపెనీ వాటా: 37లో ఒక వంతు, అంటే 2.70 శాతం. రెండు సున్నాల చక్రంలో గళ్లు 38 అవుతాయి కానీ ఇచ్చేది మాత్రం అదే 35. అక్కడ వాటా 5.26 శాతం. చూడ్డానికి రెండు చక్రాలూ ఒకేలా ఉంటాయి, ఖరీదు మాత్రం దాదాపు రెట్టింపు.

"మరి ఇది మోసమేగా?" అనే సందేహం ఇక్కడ సహజం. మోసం కాదు. బ్రిటన్‌లో 2005లో వచ్చిన జూద చట్టం లైసెన్సుల వెనుక మూడు లక్ష్యాలు పెట్టుకుంది. జూదం నేరాలకు ఊతం కాకూడదు. ఆట న్యాయంగా, దాపరికం లేకుండా జరగాలి. పిల్లలకూ, బలహీన స్థితిలో ఉన్నవాళ్లకూ హాని జరగకూడదు. గెలిచే అవకాశం ఇద్దరికీ సమానంగా ఉండాలని అందులో ఎక్కడా లేదు. ఈ వ్యాపారంలో న్యాయం అంటే, మీ డబ్బు చేతులు మారకముందే నియమం మీకు తెలియాలి, మారాక ఆ నియమం మారకూడదు. ఈ పాఠంలో మనం చేయబోయే పనంతా ఆ ఒక్క పరీక్షే.

ఉదాహరణలు ఎక్కువగా బ్రిటన్ నుంచే తీసుకుంటున్నాను. అక్కడి నియంత్రణ సంస్థ గ్యాంబ్లింగ్ కమిషన్ రాసిపెట్టుకున్నంత వివరంగా రూల్స్ రాసుకున్న దేశాలు తక్కువ. మీరున్న చోట రూల్ వేరుగా ఉండొచ్చు, లేదా ఆన్‌లైన్ జూదం మొత్తానికే నిషేధం కావచ్చు. నిషేధం ఉన్న చోట 1వ పాఠంలో చెప్పిందే వర్తిస్తుంది: లైసెన్స్ లేని చోట ఫిర్యాదు చేసుకోవడానికి ఆఫీసే ఉండదు.

రెట్లు అంటే ఏమిటి

బోనస్ ప్రకటనలో పెద్ద అక్షరాలతో ఉండేది "100 శాతం బోనస్". అసలు ధర ఉండేది కింద చిన్న అక్షరాల్లో: "35 రెట్లు వేజరింగ్". బోనస్ డబ్బును, దాంతో వచ్చిన గెలుపును బయటికి తీసుకోవాలంటే, ముందు అన్ని రెట్ల విలువైన పందేలు కాయాలని దానర్థం.

కాగితం మీద వేద్దాం. మీరు 1,000 డిపాజిట్ చేశారు, కంపెనీ 1,000 బోనస్ ఇచ్చింది. 35 రెట్లు బోనస్ మీద మాత్రమే అయితే కాయాల్సిన పందేల మొత్తం 35,000. స్లాట్ ఆటకు (బటన్ నొక్కితే బొమ్మల వరుసలు తిరిగి ఆగే ఆట) ఆర్‌టీపీ, అంటే ఆటగాళ్లకు తిరిగి వెళ్లే సగటు వాటా, 96 శాతం అనుకుందాం. ప్రతి పందెంలో సగటున 4 శాతం కంపెనీకి పోతుంది. 35,000లో 4 శాతం 1,400. వచ్చిన బోనస్ 1,000. సగటు లెక్కలో మీరు 400 ఎదురు కడుతున్నారు.

ఆర్‌టీపీ దగ్గర చాలామంది తడబడేది ఇక్కడే. 96 శాతం అంటే 1,000 పెడితే 960తో ఇంటికి వెళ్తామని కాదు. తిరిగొచ్చిన 960 మళ్లీ పందెంలోకి వెళ్తుంది, దాని మీద మళ్లీ 4 శాతం కోత పడుతుంది. కోత మీ డిపాజిట్ మీద కాదు, కాసిన మొత్తం మీద. వేజరింగ్ షరతు చేసేది ఆ మొత్తాన్ని పెంచడమే.

ఇప్పుడు ఒక్క మాట మారుద్దాం. షరతులో "బోనస్‌కు 35 రెట్లు" బదులు "డిపాజిట్ ప్లస్ బోనస్‌కు 35 రెట్లు" అని ఉంది. కాయాల్సింది 70,000. సగటు నష్టం 2,800. మీ ఖాతాలో ఉన్నదే 2,000! షరతు పూర్తయ్యేలోపే చాలామంది ఖాతాలు ఖాళీ అవుతాయని ఆ అంకె చెప్పకనే చెబుతోంది. (ఖాతాలో ఉన్నదానికి మించి ఎవరూ పోగొట్టుకోలేరు కాబట్టి అసలు సగటు నష్టం ఈ 2,800 కంటే తక్కువే ఉంటుంది. కొందరు మధ్యలో పెద్ద గెలుపుతో షరతు దాటుతారు కూడా. మన లెక్క జోస్యం కాదు, రెండు ఆఫర్లను పక్కపక్కన పెట్టి కొలవడానికి గజం బద్ద.)

బ్రిటిష్ కమిషన్ ఈ రెట్లను 10కి మించనివ్వకూడదని 2025లో నిర్ణయించింది. అదే లెక్క 10 రెట్లకు వేయండి: 10,000 మీద 4 శాతం అంటే 400. 1,000 బోనస్‌లో సగటున 600 విలువ మిగులుతుంది. ఇదైనా లాభమని కాదు, కనీసం బోనస్ అన్న పేరుకు అర్థం ఉంది.

ఏ ఆట, ఎంత పందెం, ఎన్ని రోజులు

లెక్క వచ్చినవాళ్లు వెంటనే వేసే ఎత్తు ఒకటుంది: కంపెనీ వాటా తక్కువున్న ఆట ఆడి షరతు పూర్తి చేయడం. సరిగ్గా ఆడితే బ్లాక్‌జాక్ అనే పేకాటలో ఆ వాటా, నియమాలను బట్టి, అర శాతం దగ్గర ఉంటుంది. కంపెనీలకు ఇది తెలియక కాదు. అందుకే "స్లాట్‌లు 100 శాతం, టేబుల్ ఆటలు 10 శాతం లెక్కలోకి వస్తాయి" అనే పట్టిక పెడతాయి. అప్పుడు 35,000 పూర్తి కావాలంటే బ్లాక్‌జాక్‌లో 3,50,000 కాయాలి. దాని మీద అర శాతం 1,750. చవకైన ఆట స్లాట్ కంటే ఖరీదైపోయింది. పట్టికలో మీ ఆట ఎక్కడుందో చూడకుండా వేసిన లెక్క లెక్క కాదు.

గరిష్ఠ పందెం క్లాజు మీద ఎక్కువ జాగ్రత్త పడాలి, ఎందుకంటే అది డబ్బు తగ్గించదు, మొత్తాన్నే రద్దు చేస్తుంది. "బోనస్ నడుస్తుండగా ఒక్కో పందెం 5 దాటకూడదు, దాటితే గెలుపు చెల్లదు" అని ఉంటుంది. ఆట తెర మీద మాత్రం 10 బటన్, 20 బటన్ మామూలుగానే పనిచేస్తుంటాయి. నా అభిప్రాయంలో ఇది కంపెనీ తెరలోనే ఆపగలిగిన విషయం. పందెం తీసుకుని, ఓడితే ఉంచుకుని, గెలిస్తే మాత్రం రూల్ గుర్తుచేయడం న్యాయమైన వ్యాపారం కాదు. మీకు ఇలా జరిగితే ఫిర్యాదులో రాయాల్సిన మొదటి వాక్యం ఇదే: పందెం తీసుకునేటప్పుడు హెచ్చరిక కనిపించిందా, లేదా.

షరతు పూర్తి చేయడానికి ఇచ్చే గడువును స్పిన్‌ల కింద (స్లాట్‌ను ఒకసారి తిప్పితే ఒక స్పిన్) మార్చి చూడండి. బ్రిటన్‌లో 2021 అక్టోబర్ నుంచి ఆన్‌లైన్ స్లాట్‌లో ఒక స్పిన్‌కూ ఇంకో స్పిన్‌కూ మధ్య కనీసం 2.5 సెకన్లు ఉండాలి. ఒక్కోసారి 1 చొప్పున కాస్తే 35,000 స్పిన్‌లు, అంటే ఆగకుండా ఆడినా 24 గంటల పైమాటే. గడువు 3 రోజులైతే ఆ షరతు మిమ్మల్ని ఎటు తోస్తోందో తెలుస్తూనే ఉంది: పెద్ద పందేల వైపు, రాత్రుళ్లు మేలుకోవడం వైపు.

మీ డబ్బు మీదేనా

బోనస్ తీసుకున్నాక మీ సొంత డిపాజిట్‌ను కూడా కట్టిపడేసే షరతులు ఒకప్పుడు మామూలే. బ్రిటన్‌లో పోటీ, మార్కెట్ల సంస్థ దర్యాప్తు చేశాక, 2018లో కొన్ని పెద్ద కంపెనీలు ఈ పద్ధతి మానేస్తామని రాతపూర్వకంగా ఒప్పుకున్నాయి. బోనస్ వదులుకుని సొంత డబ్బు వెనక్కి తీసుకునే దారి ఉండాలి. షరతుల పేజీలో ఈ దారి కోసం వెతకండి. కనబడకపోతే డిపాజిట్ చేయకముందే చాట్‌లో అడిగి జవాబు దాచుకోండి.

విత్‌డ్రా దగ్గర ఇంకో పాత అలవాటు, గెలిచాకే గుర్తింపు పత్రాలు అడగడం. డిపాజిట్ రోజున ఒక్క కాగితమూ అడగరు, విత్‌డ్రా నొక్కగానే పాస్‌పోర్ట్, కరెంటు బిల్లు, బ్యాంకు స్టేట్‌మెంట్ అన్నీ కావాలంటారు. 2019 మే నుంచి బ్రిటన్‌లో ఆన్‌లైన్ కంపెనీలు ఆట మొదలవకముందే వయసు, గుర్తింపు సరిచూడాలి. ముందే అడగగలిగిన పత్రాన్ని విత్‌డ్రాకు షరతుగా పెట్టడానికి వీల్లేదు. విత్‌డ్రాను ఆటగాడు రద్దు చేసుకుని ఆ డబ్బుతో మళ్లీ ఆడేలా ఊరించే బటన్‌ను కూడా 2021లో శాశ్వతంగా తీసేయించారు. నియంత్రణ అంటే పెద్ద పెద్ద జరిమానాలే అనుకుంటాం కానీ, ఒక్కోసారి ఒక బటన్ తీసేయడం అంతకంటే ఎక్కువ పనిచేస్తుంది.

కోర్టు ఎలా చదివిందో చూడండి

2018 జనవరిలో ఒక ఆటగాడు ఫోన్‌లో బ్లాక్‌జాక్ తరహా ఆట ఆడి 17 లక్షల పౌండ్లకు పైగా గెలిచాడు. సాఫ్ట్‌వేర్‌లో లోపం వల్ల అలా జరిగిందని చెప్పి కంపెనీ డబ్బు ఇవ్వనంది. లోపం ఉంటే పందేలు చెల్లవని షరతుల్లో ఉందని చూపించింది. 2021 ఏప్రిల్‌లో లండన్ హైకోర్టు పూర్తి విచారణ అక్కర్లేదంటూ ఆటగాడి పక్షాన తీర్పు ఇచ్చింది.

లోపం నిజంగానే ఉందనుకున్నా సరే, ఆ క్లాజుల మాటలు ఈ రకం లోపానికి వర్తించేలా లేవన్నది తీర్పులో ఒక కారణం. ఈ పాఠానికి ఎక్కువ పనికొచ్చేది రెండో కారణం: అంత బరువైన షరతును ఆటగాడి దృష్టికి సరిగా తీసుకురాలేదు. పేజీల కొద్దీ ఇరుకు అక్షరాలు, చెప్పిందే మళ్లీ చెప్పడం, ముఖ్యమైనదాన్ని వేరు చేసి చూపకపోవడం. "అంగీకరిస్తున్నాను" అని టిక్ పెట్టినంత మాత్రాన ఆ క్లాజు కట్టుబడదని తేలింది. బ్రిటన్ 2015 వినియోగదారుల హక్కుల చట్టం షరతు అర్థమయ్యేలా, కళ్లకు కనబడేలా ఉండాలంటుంది. ఒప్పందానికి ముందు చదివే అవకాశమే లేని షరతు, సరైన కారణం లేకుండా కంపెనీ తనంతట తాను మార్చుకునే షరతు, అర్థం చెప్పే హక్కు కంపెనీకి మాత్రమే ఇచ్చే షరతు, ఇవన్నీ అన్యాయం కావచ్చని ఆ చట్టమే జాబితా వేసింది.

కాబట్టి పేజీ చదివేటప్పుడు పెన్సిల్‌తో గీత పెట్టాల్సింది "మా విచక్షణ మేరకు", "ఎప్పుడైనా మార్చవచ్చు", "మా నిర్ణయమే తుది" లాంటి మాటల కింద. "గరిష్ఠ పందెం 5" కఠినమైన షరతే కావచ్చు, కానీ కొలవదగింది. "అసహజంగా ఆడితే గెలుపు రద్దు" అన్నది కొలవలేనిది. ఏది అసహజమో గెలిచాకే తేలుస్తారు.

అలాగని కోర్టులు ఎప్పుడూ ఆటగాడి వైపే ఉంటాయనుకోవద్దు. ఫిల్ ఐవీ అనే పేరున్న ఆటగాడు పేకముక్కల వెనుక డిజైన్‌లోని చిన్న తేడాలను వాడుకుని 77 లక్షల పౌండ్లు గెలిచిన కేసులో, 2017లో బ్రిటన్ సుప్రీంకోర్టు దాన్ని మోసంగానే తేల్చింది.

అభ్యాసం

ఒక ఊహాజనిత ఆఫర్: డిపాజిట్ 400, బోనస్ 200. డిపాజిట్ ప్లస్ బోనస్‌కు 20 రెట్లు. ఆర్‌టీపీ 94 శాతం. గరిష్ఠ పందెం 2. గడువు 3 రోజులు. బోనస్‌తో ఎంత గెలిచినా చేతికిచ్చేది బోనస్‌కు 5 రెట్ల వరకే. "అనుమానం కలిగితే మా విచక్షణ మేరకు ఖాతా మూసివేయవచ్చు."

కాయాల్సిన మొత్తం, సగటు నష్టం, 2.5 సెకన్ల చొప్పున కనీసం పట్టే సమయం కట్టండి. తర్వాత ప్రతి క్లాజు పక్కన "కొలవచ్చు" అనో "కొలవలేం" అనో రాయండి. ఈ పనికి ఎక్కడా ఖాతా తెరవక్కర్లేదు, డబ్బు పెట్టక్కర్లేదు. పోయిన డబ్బు రాబట్టుకోవడానికి ఆడుతున్నవాళ్లు మాత్రం ఈ లెక్కలు పక్కన పెట్టి, ముందు తమను తాము ఆట నుంచి బయట పెట్టుకునే సదుపాయం వాడాలి. బ్రిటన్‌లో గ్యామ్‌స్టాప్ అనే ఉచిత సేవలో ఒక్కసారి నమోదైతే లైసెన్స్ ఉన్న ఆన్‌లైన్ కంపెనీలన్నీ మూసుకుపోతాయి.

నిజమైన ఆఫర్ ఏదైనా మీ ముందుంటే షరతుల పేజీ మొత్తాన్ని తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. 4వ పాఠం ఫిర్యాదు రాయడం గురించి. బ్రిటన్‌లో కంపెనీకి 8 వారాల గడువుంటుంది, ఆ తర్వాత వినియోగదారుడికి ఖర్చు లేకుండా బయటి మధ్యవర్తి దగ్గరికి వెళ్లొచ్చు. ఆ మధ్యవర్తి మొదట అడిగేది మీరు ఆడిన రోజున ఆ పేజీలో ఏముందో చూపించమని.