రోగిని లేపే బ్యాటరీ లిఫ్టు కదలనప్పుడు

పర్లాఖిముండిలో మా అమ్మను మంచం మీద నుంచి కుర్చీలోకి మార్చడానికి మేము బ్యాటరీ లిఫ్టునే నమ్ముకున్నాము. అది మొరాయిస్తే మెకానిక్కు బరంపురం నుంచో శ్రీకాకుళం నుంచో రావాలి. అతను వచ్చేలోగా ఇంట్లోవాళ్ళే చూసుకోదగ్గ కరెంటు లోపాలు చాలా ఉన్నాయి.

మనిషి జోలెలో (లిఫ్టుకు వేలాడే గుడ్డ ఊయలలో) ఉండగా లిఫ్టు ఆగిపోతే ముందు మనిషిని దించాలి, యంత్రం సంగతి తర్వాత. చాలా లిఫ్టులకు మోటారు దగ్గర ఎర్రటి రింగో పిడో ఉంటుంది. దాన్ని లాగితే కరెంటు లేకున్నా మనిషి బరువుకే లిఫ్టు మెల్లగా దిగుతుంది. అది ఎలా పనిచేస్తుందో ఆపద రాకముందే ఇంట్లో అందరూ నేర్చుకొని ఉండాలి.

ఎర్ర స్టాప్ బటను లోపలికి నొక్కుకుపోయిందేమో చూసి, బాణం గుర్తు వైపు తిప్పి వదలండి. చార్జరు పెట్టి ఉంటే తీసేయండి, ఎందుకంటే చార్జింగులో ఉన్నప్పుడు చాలా మోడళ్ళు కదలవు.

ఇక అసలు అనుమానితురాలు బ్యాటరీ. సాధారణంగా 12 వోల్టుల సీల్డ్ బ్యాటరీలు రెండు వరుసగా కలిసి 24 వోల్టులు ఇస్తాయి. మా లిఫ్టు ఆగిన రోజు వోల్టులు కొలిచే మీటరు 25 వోల్టులు చూపించింది కాబట్టి మోటారే పోయిందని అందరం తేల్చేశాము. తర్వాత జోలెలో 25 కిలోల బియ్యం బస్తా పెట్టి, నేను మీటరు తీగలు బ్యాటరీకి ఆనించి, తమ్ముణ్ణి పైకి బటను నొక్కమన్నాను. కంట్రోలు పెట్టెలో టక్కుమని చప్పుడు వచ్చింది, అంకె 17కు పడిపోయింది. ఊరికే ఉన్నప్పుడు చూసిన వోల్టేజీ బ్యాటరీ సత్తాను చెప్పదు, బరువు ఎత్తేటప్పుడు చూడాలి. రెండింటినీ విడివిడిగా కొలిస్తే కుంగేది ఏదో తెలుస్తుంది. అయినా మార్చేటప్పుడు అదే వోల్టు, అదే ఆంపియర్-అవర్ (బ్యాటరీ ఎంత చార్జి పట్టగలదో చెప్పే అంకె) ఉన్న కొత్త జతనే వేయాలి. ఫ్యూజు పోయి ఉంటే అదే రేటింగుది వేయాలి తప్ప తీగ ముక్క చుట్టకూడదు. చార్జి లేకుండా రోజుల తరబడి వదిలేస్తే ఈ రకం బ్యాటరీ పాడవుతుంది కాబట్టి, కరెంటు కోతలు ఎక్కువున్న రోజుల్లో సరఫరా ఉన్న వేళ చూసుకొని చార్జింగుకు పెట్టడం మంచిది. లిథియం ప్యాకు అయితే విప్పకండి.

బ్యాటరీ బాగుంటే చేతి రిమోటును అనుమానించాలి. దాని తీగ ప్లగ్గులోకి వెళ్ళే మెడ దగ్గరే ఎక్కువగా తెగుతుంది. బటను నొక్కి ఉంచి అక్కడ కాస్త వంచితే లిఫ్టు కదిలి ఆగుతుంటుంది. పెట్టె మీద కూడా పైకి, కిందికి బటన్లు ఉండి, వాటితో కదిలితే లోపం రిమోటుదే. వానాకాలంలో పిన్నులు పచ్చగా చిలుం పడితే కాంటాక్టు క్లీనరు కొట్టి, పూర్తిగా ఆరాకే కలపాలి. కిందికి దిగుతూ పైకి మాత్రం లేవకపోతే, మోటారును తప్పుపట్టే ముందు మళ్ళీ బ్యాటరీనే చూడండి, ఎత్తడానికే ఎక్కువ కరెంటు కావాలి కదా.

బటను నొక్కగానే మోటారు ప్లగ్గు దాకా 24 వోల్టులు వస్తూ, అయినా మోటారు పలకకపోతే అది మెకానిక్కు పనే. మనిషిని మోసే యంత్రం కనుక మోటారును గానీ కంట్రోలు పెట్టెను గానీ ఇంట్లో విప్పవద్దు. ఏది మార్చినా బియ్యం బస్తాతో పదిసార్లు ఎత్తి దించి, ఎర్ర రింగును కూడా ఒకసారి లాగి చూశాకే మేము అమ్మను జోలెలో కూర్చోబెడతాము.