పాత పైథాన్‌కు సపోర్ట్ తీసేసే ముందు

మన పక్క అక్టోబరు అంటే వానలు, వాయుగుండాలు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో పనిచేసేవాళ్లకు ఆ నెలలో ఇంకో సంగతి కూడా ఉంటుంది. ఏటా కొత్త వెర్షన్ వచ్చేదీ, ఐదేళ్లు నిండిన పాతదానికి సెక్యూరిటీ ప్యాచ్‌లు ఆగేదీ అప్పుడే. 2024లో 3.8 వెర్షన్ కథ ముగిసింది, 2025లో 3.9ది, 2026లో 3.10 వంతు. నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల కాటాలకు, రొయ్యల మేత డీలర్లకు, నిమ్మకాయల మండీలకు సాఫ్ట్‌వేర్ రాసి నడిపేవాళ్లు, సొంత లైబ్రరీని (వేరే ప్రోగ్రాములు వాడుకునే రెడీమేడ్ కోడ్‌ను) నలుగురికీ ఇచ్చేవాళ్లు పాత వెర్షన్ వదిలేసే ముందు కొన్ని చూసుకోవాలి.

తారీఖుల కంటే ముందు మెషీన్లు చూడండి. చీమకుర్తిలో గ్రానైట్ లారీలు తూచే కాటా గది ఒకటి ఊహించుకోండి. రాతి దుమ్ము పట్టిన సీపీయూ, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్, బరువు చూపించే ఇండికేటర్ నుంచి వచ్చే సీరియల్ కేబుల్, లోపల విండోస్ 7. దాని మీద పైథాన్ 3.8 దాటి ఎక్కదు, ఎందుకంటే 3.9 నుంచి విండోస్ 7ను వదిలేశారు. మీ ప్రోగ్రాంకు కనిష్ఠ వెర్షన్, అంటే కనీసం కావాల్సిన పైథాన్, 3.9 అని మీరు ఒక్క లైను రాస్తే, ఆ ఓనరును కొత్త కంప్యూటర్ కొనమన్నట్టే. "బరువు పడతా ఉంది, స్లిప్పు వస్తా ఉంది, ఇంకెందుకన్నా మార్చేది?" అంటాడు. ఆ మెషీన్‌కు నెట్ లేకపోతే అతను అనేదాంట్లో తప్పేమీ లేదు. అదే పాత పైథాన్ మీద రైతుల ఫోన్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు ఉన్న వెబ్ సర్వర్ నడుపుతుంటే మాత్రం ఒక్క నెల కూడా ఆగకూడదు.

అందుకే ప్రాజెక్టును రెండుగా విడదీయమంటాను. బరువు చదివి స్లిప్పు కొట్టే చిన్న ముక్కను 3.8 మీదే ఆపేయండి, కొత్త ఫీచర్లు ఇక దానికి వద్దు. సర్వర్ భాగాన్ని పైకి తీసుకెళ్లండి. మొత్తానికీ ఒకే కనిష్ఠ వెర్షన్ ఉండాలన్న పట్టుదలతోనే సగం టెన్షన్ వస్తుంది.

సర్వర్ల సంగతికొస్తే, వాటి మీద నడిచే లినక్స్ సిస్టమ్‌తోనే ఒక పైథాన్ వస్తుంది: ఉబుంటు 20.04తో 3.8, 22.04తో 3.10, 24.04తో 3.12 వస్తాయి. రెడ్‌హ్యాట్ 9లో ఉండేది 3.9. పైథాన్ టీమ్ ఆపేసినా ఆ కంపెనీలు తమ కాపీకి ప్యాచ్‌లు ఇస్తూనే ఉంటాయి. ఉబుంటు 22.04కు మామూలు సపోర్ట్ 2027 దాకా ఉంది కాబట్టి, మీ కస్టమర్లు దాని మీదే ఉంటే 2026 అక్టోబరు రాగానే 3.10ను తీసిపారేయనక్కర్లేదు. ఒక్క మాట: సిస్టమ్‌తో వచ్చిన పైథాన్‌ను మాత్రం కదిలించొద్దు. ఉబుంటు సొంత టూల్స్ కొన్ని దాని మీదే నడుస్తాయి. కొత్తది పక్కన వేసుకుని వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో, అంటే ఒక్కో ప్రాజెక్టుకు విడిగా ఉండే ఫోల్డర్‌లో, వాడండి.

మీరు వాడే లైబ్రరీలు పాత పైథాన్‌ను మీకంటే ముందే వదిలేస్తుంటాయి. వెబ్‌సైట్లు కట్టే జాంగో 5.0కు కనీసం 3.10 కావాలి. లెక్కలు చేసే నంపై 2.1 కూడా 3.9ను వదిలేసింది. మీరు 3.9ను పట్టుకుని ఉంటే పాత నంపైతో ఒకసారి, కొత్తదానితో ఒకసారి టెస్ట్ చేయాల్సిందే. ఇద్దరు ముగ్గురు నడిపే ప్రాజెక్టుకు అది మోయలేని బరువు.

ఇక అసలు ప్రమాదం కోడ్‌లో ఉంటుంది. 3.10లో వచ్చిన మ్యాచ్ స్టేట్‌మెంట్ పొరపాటున దూరితే పాత పైథాన్‌లో ఆ ఫైలే తెరుచుకోదు, అది నయం, వెంటనే తెలిసిపోతుంది. 3.9లో వచ్చిన రిమూవ్‌ప్రిఫిక్స్ (పదం ముందు భాగాన్ని తీసేసే ఆదేశం) అలా కాదు. 3.8లో ప్రోగ్రాం హాయిగా మొదలవుతుంది, ఆ లైను దాకా వెళ్లాకే పడిపోతుంది. ఆ లైను నెలాఖరు రిపోర్టులో ఉంటే నెలాఖరు దాకా ఎవరికీ తెలియదు. అందుకే అన్నిటికంటే కింది వెర్షన్‌లో టెస్టులు నడవడం ముఖ్యం. పై వెర్షన్ కూడా చూడండి: పైథాన్‌తో పాటే వచ్చే మాడ్యూళ్లలో 3.12లో డిస్ట్‌యుటిల్స్‌ను, 3.13లో సీజీఐని తీసేశారు, వాటిని వాడే కోడ్ అక్కడ ఆగిపోతుంది.

టెస్టులు ఏ వెర్షన్లలో నడపాలో రాసే యామల్ అనే సెట్టింగుల ఫైల్లో 3.10ను కోట్స్ లేకుండా రాస్తే అది దశాంశ సంఖ్యయి 3.1గా మారిపోతుంది. వెర్షన్ అక్షరాల్లో మొదటి మూడే తీసుకుని పోల్చే పాత కోడ్‌కు కూడా అదే గతి.

కనిష్ఠ వెర్షన్‌ను రిక్వైర్స్ పైథాన్ అనే సెట్టింగ్‌లో రాయడం మర్చిపోవద్దు. లైబ్రరీలు దించి ఇన్‌స్టాల్ చేసే పిప్ అనే టూల్ అది చూసే పాత పైథాన్ ఉన్నవాళ్లకు సరిపోయే పాత రిలీజ్ ఇస్తుంది. అది లేకుండా ఒక్క రిలీజ్ బయటికి పోయినా పాతవాళ్ల మెషీన్లలో అదే దిగుతుంది. అప్పుడు ఆ రిలీజ్‌ను పైపీఐలో (పిప్ లైబ్రరీలు తెచ్చుకునే సైటులో) యాంక్ చేయడం, అంటే పిప్ దాన్ని మామూలుగా ఎంచుకోకుండా గుర్తు పెట్టడం, తప్ప దారి లేదు. 'ఫలానా వెర్షన్ దాటకూడదు' అని పై హద్దు మాత్రం పెట్టొద్దు. కొత్త పైథాన్ ఉన్నవాళ్లకు పిప్ ఆ హద్దు లేని ఏ పాత రిలీజ్‌నో వెతికి తెచ్చిపెడుతుంది.

ఎప్పుడు మార్చాలి? చిన్న ప్యాచ్ రిలీజ్‌లో వద్దు. ఒక రిలీజ్ ముందు నుంచే హెచ్చరిక చూపించండి. మార్చి నెలాఖరులో వద్దు, ఖాతాలు ముగించే హడావుడి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అసలే వద్దు. వాయుగుండం పట్టి నెల్లూరు దగ్గర తీరాన ముత్తుకూరు వైపు కరెంటు, నెట్ పోతే రిమోట్‌లో సరిచేయలేరు, మనిషి వెళ్లడమూ కష్టమే. జులై, ఆగస్టుల్లో కానిచ్చేయండి.

3.8 మీద ఆపేసిన మెషీన్ల కోసం ఒక పెన్‌డ్రైవ్ సిద్ధం చేసుకోండి. విండోస్ ఇన్‌స్టాలర్ ఉన్న చివరి 3.8 వెర్షన్ 3.8.10. ఆ తర్వాతవి సోర్స్ కోడ్‌గానే వచ్చాయి. ఆ ఇన్‌స్టాలర్‌ను, వాడే లైబ్రరీలన్నిటినీ పిప్ డౌన్‌లోడ్‌తో దించి అందులో పెట్టండి. నెట్ తీసేసిన ఒక విండోస్ 7 మెషీన్‌లో మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేసి, స్లిప్పు వచ్చిందాకా చూసి, ఇంకో కాపీ కాటా గదిలోనే ఉంచి రండి.