ఐదుగురం, నెలకు రెండు ఆదివారాలు

మా ఐదుగురిదీ కోఠీ ఉమెన్స్ కాలేజీ. డిగ్రీ అయిపోయి పదిహేనేళ్లు దాటినా నెలకు రెండు ఆదివారాలు కలిసి తినడం మాత్రం మానలేదు. ఒకటి ఎవరో ఒకరి ఇంట్లో, ఇంకోటి బయట. ఒకామెది యాకుత్‌పురా. ఒకామెది మల్కాజిగిరి, గుడ్డు కూడా ముట్టదు. ఒకామె భీమవరం కోడలు. ఇంకొకామెకు ఏది పెట్టినా కారం తక్కువే. నాది జనగామ, ఉండేది పద్మారావునగర్. "మీకు ఎట్ల కుదురుతదే?" అని ఆఫీసులో అడుగుతుంటారు. కుదిరే పద్ధతి చెప్తా.

ముందు ఇంటి ఆదివారం. మొదటిసారి నా వంతు వచ్చినప్పుడు ఎనిమిది రకాలు చేశాను. పొద్దున ఐదింటికి లేచినదాన్ని వాళ్లు వచ్చేదాకా పొయ్యి దగ్గరే. వాళ్లు హాల్లో పకపకా నవ్వుతుంటే నేను లోపల అప్పడాలు వేయిస్తున్నా. అందరూ తిన్నాక నా కంచంలోకి వచ్చింది చల్లారిన అన్నం, అడుగున మిగిలిన పులుసు. వెళ్లేటప్పుడు యాకుత్‌పురా ఆమె అడిగింది: "దావత్ ఇచ్చినవా, నౌకరీ చేసినవా?"

ఆ రోజు నుంచి ఇల్లు ఎవరిదైతే వాళ్లు చేసేవి మూడే. ఒక అన్నం, ఒక కూర, ఒక పులుసు. నా వంతైతే బగారన్నం, మటన్, పచ్చిపులుసు. అన్నమూ పులుసూ మల్కాజిగిరి ఆమె కూడా తింటుంది కాబట్టి తనకు విడిగా ఏమీ చేయను. తనే గుత్తి వంకాయ చేసుకొస్తుంది, మటన్ కన్నా ముందు అదే అయిపోతుంది. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి: మటన్ గరిటె ఆ వంకాయ గిన్నెలో పడొద్దు. ఎవరూ చూడట్లేదు కదా అనుకోకండి, తను చూస్తుంది.

నలుగురు తినేవాళ్లుంటే ముప్పావు కిలో మటన్ చాలు. పొద్దున ఏడున్నరలోపు దుకాణానికి వెళ్లాలి, తర్వాత వరస రోడ్డు మీదికి వస్తుంది. సగం సీనా (ఛాతీ ముక్కలు), సగం తొడ, రెండు నల్లి బొక్కలు అని అడగండి. అన్నీ మెత్తటి ముక్కలే తీసుకుంటే కూరకు రుచి రాదు. ఉప్పు, పసుపు, కారం, అల్లంవెల్లుల్లి ముద్ద, అరకప్పు పెరుగు కలిపి గంటసేపు వదిలేయాలి. ఉల్లిగడ్డ ఎర్రగా వేగాక ముక్కలు వేసి, నీళ్లు పైకి తేలేదాకా మూత లేకుండా తిప్పి, అప్పుడు కుక్కర్ మూత పెట్టాలి. ఐదు విజిళ్లు. మూత తీశాక ధనియాల పొడి, ఎండుకొబ్బరి పొడి వేసి, నూనె పైకి తేలేదాకా చిన్న మంట మీద ఉంచాలి. ఆ చివరి పది నిమిషాలకు తొందరపడితే కూర ఒక దిక్కు, నీళ్లు ఒక దిక్కు అవుతాయి.

బగారన్నం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. షాజీరా, లవంగం, చెక్క, యాలకులు, బిర్యానీ ఆకు, పచ్చిమిర్చి, పుదీనా. అరగంట నానిన పాత సోనా మసూరికి గ్లాసుకు ఒకటీ ముప్పావు గ్లాసు నీళ్లు.

అసలు సంగతి పచ్చిపులుసు. ఇది నేను చేయను, వచ్చినవాళ్లతో చేయిస్తా. హాల్లో కింద పేపరు పరిచి నలుగురినీ కూర్చోబెడతా. నిమ్మకాయంత చింతపండు నానబెట్టి రసం పలుచగా తీయాలి. నోట్లో పుల్లగా తగలాలి గానీ పళ్లు జివ్వుమనొద్దు. నాలుగు పచ్చిమిరపకాయలు పొయ్యి మంట మీదే మచ్చలు పడేలా కాల్చి, ఉప్పు, జీలకర్ర వేసి చేత్తో నలపాలి. ఈ పని కారం కావాలనే ఆమెకే ఇవ్వండి, సాయంత్రందాకా చేతులు మండి కాస్త ఊరుకుంటుంది. సన్నగా తరిగిన ఉల్లిగడ్డను కూడా పిసకాలి, అలా పిసికితేనే దాని తీపి దిగుతుంది. వేయించిన నువ్వుల పొడి రెండు చెంచాలు, కొత్తిమీర, చివర్న పోపు. పులుసును పొయ్యి మీద మాత్రం పెట్టొద్దు, మరిగించారా అది చారు అవుతుంది. బెల్లం దగ్గర మాకు ప్రతిసారీ పంచాయితీ. భీమవరం కోడలు గడ్డ వేస్తానంటుంది, నేను చిటికెడు చాలంటాను. పోయినసారి నేను ఫోన్ ఎత్తడానికి బాల్కనీలోకి వెళ్లొచ్చేలోపు వేసేసింది. బాగుందని ఒప్పుకోలేదు గానీ రెండుసార్లు పోసుకున్నా.

అసలు ఇళ్లల్లో తినడం మాకు సరదాగా మొదలవలేదు. కాలేజీ రోజుల్లో మా అడ్డా కోఠీలో గోకుల్ చాట్. 2007 ఆగస్టు 25 సాయంత్రం అక్కడ బాంబు పేలింది. శనివారం. ఆ రోజు మేం వెళ్లలేదు, అంతే. ఆ తర్వాత చాలా నెలలు మా అమ్మలు కోఠీలో ఎక్కడా ఆగనివ్వలేదు, కాలేజీ అవ్వగానే బస్సెక్కాల్సిందే. అందుకని ఒకరింట్లో ఒకరం తినడం మొదలుపెట్టాం. మల్కాజిగిరి వాళ్లమ్మ చేసిన దద్దోజనం నేను మొదట తిన్నది అప్పుడే.

ఇక బయటి ఆదివారం. మాకు బయట అంటే పొద్దున్నే. ఆరింటికల్లా ఆటో దిగితే చార్మినార్ చుట్టూ నడవడానికి చోటుంటుంది, పొద్దెక్కితే గాజుల దుకాణాలు మన కాళ్లకు అడ్డం పడతాయి. పక్కనే నిమ్రా కేఫ్‌లో చాయ్, ఉస్మానియా బిస్కెట్. ఇరానీ చాయ్‌లో డికాక్షన్ ఒక గిన్నెలో, పాలు ఇంకో గిన్నెలో చిక్కగా కాగుతుంటాయి, రెండూ కలిసేది కప్పులోనే. ఇంట్లో అన్నీ ఒకే గిన్నెలో మరిగించి "ఆ రుచి రాలేదే" అంటే ఎట్లా వస్తుంది? బిస్కెట్‌ను కాసేపే ముంచాలి, ఎక్కువసేపైతే చాయ్ అడుగున వెతుక్కోవాలి.

అక్కడ నుంచి గుల్జార్ హౌజ్ వైపు నడిస్తే గోవింద్ దోశ బండి. వెన్న వేసి కాల్చిన దోశ, పెనం మీద మసాలాతో వేయించిన ఇడ్లీ. మల్కాజిగిరి ఆమె కోసం ముందు ఇక్కడే ఆగుతాం. ఐదుగురికి దోశలు రెండే, ఇడ్లీ ఒక ప్లేటు. కడుపులో చోటు ఉంచుకోవాలి, ఎందుకంటే తర్వాత మిగతా నలుగురికీ నహారీ ఉంది. నహారీ పొద్దుటి తిండి, రాత్రంతా చిన్న మంట మీద ఉడికిన మాంసం పులుసు. ఎండెక్కాక వెళ్లి అడగొద్దు. నాన్ వేడిగా ఉన్నప్పుడే చింపి ముంచాలి. యాకుత్‌పురా ఆమె నిమ్మకాయ తనే పిండుతుంది, ఇంకొకరిని పిండనివ్వదు.

బిర్యానీకైతే మధ్యాహ్నమే వెళ్లండి. ఒకసారి ఒక పేరున్న హోటల్లో బిర్యానీ తినే నలుగురం ఆకలి మీద నాలుగు ఆర్డర్ చేశాం. చాలా చోట్ల సింగిల్ అన్నదే ఇద్దరికి వస్తుంది. మిగిలింది పార్శిల్ కట్టించుకుంటే, బిర్యానీతో ఇచ్చే పులుసు, అదే సాలన్, మూత ఊడి నా ఆఫీసు బ్యాగులో పారింది, ఆ బ్యాగు ఇప్పటికీ నువ్వుల వాసనే. ఇప్పుడు ముగ్గురికి మించి ఎంతమందిమి ఉన్నా రెండే చెప్తాం, చాలకపోతే మూడోది. ఇంకో మాట. కచ్చీ బిర్యానీలో మసాలా పట్టించిన పచ్చి మాంసం అడుగున, సగం ఉడికిన బియ్యం పైన వేసి దమ్ పెడతారు. పై నుంచి తోడితే తెల్లన్నమే వస్తుంది. "భయ్యా, నీచే సే" అని అడగడానికి మొహమాటపడొద్దు.

గోధుమలు, మాంసం కలిపి మెత్తగా చేసే హలీం మాత్రం ఇంట్లో చేయాలని చూడకండి. నేను చూశాను, మిక్సీ పోయింది. భట్టీ మీద గంటలు గంటలు ఉడకాలి, కర్రలతో ఇద్దరు మనుషులు దంచాలి. 2010లో హైదరాబాద్ హలీంకు భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివి యాకుత్‌పురా ఆమె మాకందరికీ ఫోన్లు చేసింది, తనే వండినట్టు. రంజాన్‌లో ఆమె ఎక్కడికి తీసుకెళ్తే అక్కడికి వెళ్తాం, మాట్లాడం.

సీతాఫలాల కాలంలో చివరి మజిలీ మొజంజాహీ మార్కెట్. 1935లో కట్టిన ఆ రాతి ఆవరణలో కుర్చీలు వేసి పండ్ల ఐస్‌క్రీమ్ పెడతారు. ఒక్కొక్కరికి ఒక్కో కప్పు. ఇది మాత్రం పంచుకోం.

డబ్బులు ఒకరే ఇస్తారు, రాత్రికి ఎవరి లెక్క వాళ్లు ఫోన్లో పంపాలి. మల్కాజిగిరి ఆమె నహారీకి, బిర్యానీకి ఇవ్వదు. ఇది ముందే అనుకోవాలి, లేకపోతే నాలుగో నెలకు ఎవరో ఒకరి ముఖం మాడుతుంది.

వచ్చే ఆదివారం భీమవరం కోడలి ఇంట్లో. రొయ్యలట. పులుసు నేనే తెస్తానని ముందే చెప్పేశా, బెల్లం లేకుండా.