మన కంక బొంగుతో ఆరు బద్దల ఫ్లై రాడ్ చేసుడెట్ల

చెరువు కట్ట మీద మనం పట్టే గాలం కట్టె వేరు, ఫ్లై రాడ్ వేరు. మన గాలానికి సీసం గుండు ఉంటది, ఆ బరువుతోనే దూరం విసురుతం. ఫ్లై అంటే ఈకలు, దారంతో గాలం మీద కట్టిన ఉత్తుత్తి పురుగు, దానికి బరువే ఉండదు, అందుకే బరువంత లైన్‌లనే, అంటే విసిరే తాడులనే, పెడ్తరు. లైన్ నంబర్ దాని బరువును చెప్తది, 5 నంబర్ లైన్ మొదటి 30 అడుగులు తూకమేస్తే 9 గ్రాములే ఉంటది. ఆ 9 గ్రాములకే కట్టె కొస నుంచి వంగి, మళ్ల ఊగకుండ తిన్నగ లేవాలె. అందుకే బొంగును చీల్చి, ఆరు బద్దలు మూడు మూలలకు రంద పట్టి, మళ్ల ఒక్కటిగ అతికిస్తరు. అమెరికాల 1870ల నుంచి హైరమ్ లియోనార్డ్ అసొంటి రాడ్లు చేసేటోళ్లు ఇట్లనే చేసిన్రు, వాళ్ల తర్వాత చాలామంది చైనా గ్వాంగ్‌డాంగ్ నుంచి వచ్చే టోంకిన్ బొంగు వాడుతున్నరు.

నేనైతే మన సాధన వెదురుతోనే చేస్త. గోడ మందం, బోలు తక్కువ, గట్టిది. నల్లమల దగ్గర్నే ఉంది కదా అని అమ్రాబాద్ అడవిల పోయి కొట్టొద్దు, అది టైగర్ రిజర్వ్. పట్టా భూమిల పెరిగిన వెదురుకు 2017ల చట్టం మార్చినంక ఇబ్బంది లేదు, లేదంటే మేదరోళ్ల దగ్గర కొనుక్కోవాలె. మూడేండ్లు దాటిన బొంగు, కణుపుకు కణుపుకు నడుమ దూరం ఎక్కువున్నది, పైన గీతలు లేనిది ఏరుకోండి. వానాకాలం కొట్టింది మాత్రం తీసుకోవద్దు, అందుల పిండి పదార్థం ఎక్కువుండి పుచ్చు పడ్తది. నా మొదటి రాడ్ అట్లనే పోయింది, పచ్చి బొంగు పదిహేను దినాలు ఆరబెట్టి తొందరపడి అతికించిన, సంక్రాంతికల్ల బద్దలు కుంచించుకపోయి మూడు జాగల అతుకు విడిచింది. ఇప్పుడు చలికాలం కొట్టిన బొంగు తీసుకుని, ఎండాకాలమంత నీడకు నిలబెట్టి ఆరినంకనే కత్తి పెడ్త.

ఒక్క ముచ్చట మాత్రం మనసుల పెట్టుకోవాలె. బొంగు కోసిన మొఖం తడిగుడ్డతో తుడిచి దగ్గరగ చూడండి, గోధుమ రంగు చుక్కలు కనిపిస్తయి, పై తోలు దిక్కు ఒకదానికొకటి ఆనుకొని కిక్కిరిసి ఉంటయి, లోపలికి పోయినకొద్ది పలచబడ్తయి. ఆ చుక్కలే నార, రాడ్ బలమంత అదే. కాబట్టి తోలు దిక్కు రంద పెట్టనే వద్దు, పైన మెరుపు పొర ఒక్కటి బ్లేడుతో గీరితే చాలు, సన్నం చేసేదంత లోపలి రెండు మొఖాల నుంచే.

చీల్చుడు కత్తితోనే, రంపం వద్దు, రంపం నారను అడ్డంగ తెంపుతది. సగం, మళ్ల సగం, అట్ల పోవాలె. నడుమల చీలిక ఒక దిక్కుకు పోతుంటే నేను కత్తి తిప్పి సరిచేద్దామని చూస్తుండె, మా దగ్గర తట్టలల్లే మేదరి పెద్దమ్మ చూసి "కత్తి గాదు బిడ్డా, మందమున్న దిక్కు గుంజు" అన్నది. నిజమే, మందమున్న సగాన్ని వంచి గుంజితే చీలిక అటే జరిగి మళ్ల నడుమకు వస్తది. ఆ ఒక్క మాట నాకు ఎన్ని బద్దలు మిగిల్చిందో.

కణుపుల ఉబ్బు ఆకురాయితో తీసి, స్పిరిట్ దీపం మీద కమరకుండ వేడి చేసి, వైస్‌ల పెట్టి నొక్కితే సాపైతది, వంకర కూడ పోతది. ఆరు బద్దలు పక్కపక్కన పెట్టి, పక్క పక్క బద్దల కణుపులు ఒకే జాగల రాకుండ ముందుకు వెనుకకు జరిపి కొసలు కోసుకోండి.

ఇగ రంద పని. వడ్లాయనతో రెండు టేకు పట్టీలు చేయించిన, ఒక్కోదాని అంచు 30 డిగ్రీలు వాలుగ తీస్తే రెండు కలిపినప్పుడు 60 డిగ్రీల గాడి పడ్తది, అందుల బద్ద పెట్టి పైకి లేచినంత రంద పట్టాలె. గాడి లోతు ఒక కొసన 4 మిల్లీమీటర్లు, ఇంకో కొసన 0.9. లెక్క సులువే, అతికించినంక రాడ్ మందం ఎంత కావాల్నో అందుల సగం బద్ద ఎత్తు. మొదటి రాడ్ ఆరడుగుల ఒక్క ముక్కనే చెయ్యండి, జాయింట్ గొట్టం తిప్పలుండదు. కొసన 1.8, నడుమల 5, పిడి పైన 7.5 దగ్గర్ల పెట్టుకోండి, ప్రతి అయిదు అంగుళాలకు వెర్నియర్‌తో (మందం కొలిచే పరికరం) చూసుకోవాలె. ముందు సగం దాక గీకి, ఆరు కలిపి దారంతో బిగించి 180 డిగ్రీల వేడిల పదిపన్నెండు నిమిషాలు కాలిస్తే తేమ పోయి బద్ద గట్టిపడ్తది, ఆ తర్వాతనే చివరి కొలతకు తేవాలె. రంద మంగలి కత్తి లెక్క ఉండాలె, మొద్దుబారితే కణుపు కాడ నార లేస్తది.

అతికించుడుకు నిదానంగ గట్టిపడే అరాల్డైట్ జిగురు వాడండి, అయిదు నిమిషాలది వద్దు. దారం ఒకసారి ఇటు, ఒకసారి అటు చుట్టి, గాజు పలక మీద దొర్లించి తిన్నగ చేసి, కింద బరువు కట్టి వేలాడదియ్యాలె. ఒక దినం కదపొద్దు.

పిడికి కార్క్ బిళ్లలు ఆన్‌లైన్ల తెప్పించుకోండి, జీలుగు బెండు మెత్తగ నలిగిపోతది. లైన్ పోయే తీగ రింగులు కొస దిక్కు దగ్గరదగ్గరగ, పిడి దిక్కు ఎడంగ పెట్టి పట్టుదారంతో చుట్టాలె. నేను పోచంపల్లిల మగ్గం కాడ మిగిలిన పట్టు తెచ్చుకుంట. వార్నిష్ పడంగనే ఆ పట్టు అద్దం లెక్క అయ్యి కింద బొంగు కనిపిస్తది, ఎంత సక్కగుంటదో చెప్పలేను. వార్నిష్ మూడు పూతలు, పలచగ.

ముందు గడ్డి మీద గాలం లేకుండ ఊలు ముక్క కట్టి విసిరి చూడండి. తర్వాత నల్గొండ దిక్కు ఉదయ సముద్రమో డిండి రిజర్వాయరో, ఎక్కడైనా ముందు మత్స్య సంఘం వాళ్లను అడగండి, చేప హక్కు వాళ్లది. జిలేబీ చేపలు, పక్కెలు పొద్దుగూకే ముందు నీళ్ల పైకొచ్చి పురుగులు తింటయి, దీనికి అవే సరి. ఇంటికొచ్చినంక తుడిచి మేకుకు తలకిందులు కాకుండ వేలాడదియ్యండి, గోడకు ఆనిస్తే వంపు అట్లనే ఉండిపోతది.