ఇంటి నుంచే వర్చువల్ అసిస్టెంట్ – 4వ పాఠం: మధ్యలో వదిలినా చెడిపోని పని

పాప ఎప్పుడు పడుకుంది, ఎప్పుడు లేచింది అని వారం రోజులు రాసి పెట్టుకోమని పోయిన పాఠంలో చెప్పాను. ఆ కాగితం ముందు పెట్టుకోండి. ఏ రెండు రోజులూ ఒకేలా ఉండి ఉండవు. కంగారు పడకండి, మీరు తప్పు రాయలేదు. పిల్లల నిద్ర అలాగే ఉంటుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 4 నుంచి 11 నెలల పిల్లలకు రోజుకు 12–16 గంటలు, 1–2 ఏళ్ల పిల్లలకు 11–14 గంటల నిద్ర కావాలి. పగటి కునుకులూ ఇందులోనే కలిసి ఉన్నాయి. అంకె చూస్తే బోలెడు సమయం ఉన్నట్టే అనిపిస్తుంది. కానీ అందులో ఎక్కువ భాగం రాత్రి నిద్రే, అప్పుడు మీరూ పడుకోవాలి. పగటి నిద్ర కూడా ఎప్పటికీ ఒకేలా ఉండదు. ఏడాదిన్నర వచ్చేసరికి చాలామంది పిల్లలు రెండు కునుకుల నుంచి ఒకదానికి వచ్చేస్తారు. అందుకే 'పాప పడుకున్నప్పుడు చేసుకుంటాను' అనే లెక్క మీద క్లయింట్‌కి మాట ఇవ్వొద్దు. పాప ఏ క్షణంలో లేచినా పని ఉన్నచోటే ఆగాలి, మళ్లీ అక్కడి నుంచే సాగాలి. ఈ పాఠంలో నేర్చుకునేది ఆ పద్ధతి. ఉదాహరణకు క్లయింట్ మెయిల్‌బాక్స్ చూసే పనిని తీసుకుందాం, కొత్త వీఏలకు (వర్చువల్ అసిస్టెంట్లకు, అంటే ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో క్లయింట్ పనులు చేసిపెట్టేవాళ్లకు) ఎక్కువగా దొరికే పనుల్లో అదొకటి.

మొదలుపెట్టే ముందు ఒక మాట. జీమెయిల్ అయితే క్లయింట్‌ని పాస్‌వర్డ్ అడగకండి. తన మెయిల్‌బాక్స్‌ని ఇంకొకరు చూసుకునేలా అనుమతి ఇచ్చే సదుపాయం సెట్టింగ్స్‌లోనే ఉంది. అలా ఇస్తే మీరు మీ సొంత ఖాతాలో ఉండే వాళ్ల మెయిల్స్ చదవొచ్చు, పంపొచ్చు, తీసేయొచ్చు. పాస్‌వర్డ్ మార్చడం మాత్రం మీ చేతిలో ఉండదు. ఇద్దరికీ అదే క్షేమం.

ఇక అసలు పని. మామూలుగా మనం ఒక మెయిల్ తెరిచి, చదివి, జవాబు రాసి, పంపి, తర్వాతదానికి వెళ్తాం. పక్కన చిన్నపిల్లలు ఉన్నప్పుడు ఇలా చేస్తే ఎప్పుడూ ఏదో ఒక జవాబు సగంలో ఆగిపోతుంది. నేను మొదలుపెట్టిన కొత్తలో ఒక చేత్తో పాపను ఎత్తుకుంటూ, రెండో చేత్తో ల్యాప్‌టాప్ మూయబోయి, సగం రాసిన జవాబు పంపేశాను. అందులో 'మీరు అడిగిన తేదీ మాకు' అన్నంత వరకే ఉంది. ఆ రోజంతా టెన్షన్‌తోనే గడిచింది. క్లయింట్ మంచి మనిషి కాబట్టి సరిపోయింది.

అందుకే ఈ పనిని మూడు చుట్లుగా విడగొట్టండి. మొదటి చుట్టులో ఒక్క జవాబు కూడా రాయొద్దు. చదవడం, లేబుల్ పెట్టడం, అంతే. నాకు మూడు లేబుళ్లు సరిపోతాయి: 'నేనే చేయగలను', 'క్లయింట్ చెప్పాలి', 'అవతలివాళ్ల కోసం ఆగాలి'. ఈ చుట్టు ఎక్కడ ఆగినా నష్టం లేదు. లేబుల్ లేని మెయిల్ ఏదో అక్కడి నుంచి మళ్లీ మొదలుపెడతారు. రెండో చుట్టులో జవాబులు డ్రాఫ్టులుగా రాసి పెట్టండి. రిప్లై నొక్కగానే అవతలి వాళ్ల అడ్రస్ దానంతట అదే వచ్చి కూర్చుంటుంది. ముందు దాన్ని తీసేసి, తర్వాత రాయడం మొదలుపెట్టండి. అడ్రస్ లేని మెయిల్ పొరపాటున చెయ్యి తగిలినా పోదు. మూడో చుట్టు పంపడం. పాప గాఢ నిద్రలో ఉన్నప్పుడో, ఇంట్లో ఇంకొకరు చూసుకుంటున్నప్పుడో డ్రాఫ్టులన్నీ ఇంకోసారి చదివి, అడ్రస్ పెట్టి, పంపండి. పంపిన మెయిల్‌ని వెనక్కి తీసుకునే గడువు జీమెయిల్‌లో 30 సెకన్ల వరకు పెంచుకోవచ్చు. ఆ మార్పు చేయమని క్లయింట్‌ని మొదటి రోజే అడగండి.

ఇప్పుడు మళ్లీ వచ్చాక పని ఎక్కడి నుంచి సాగించాలో చెప్పే గుర్తు సంగతి. ఏడుపు వినిపించాక రాసుకునే తీరిక ఉండదు, కాబట్టి పని మొదలుపెట్టకముందే రాయాలి. పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకుని కూర్చోగానే ఒక్క వాక్యం రాయండి. 'మెయిల్స్ చూడాలి' అని రాస్తే పనికిరాదు. 'ఆరు డ్రాఫ్టులు, పాతవాటి నుంచి. అవి అయ్యాక సోమవారం మీటింగ్ ఎన్నింటికో క్లయింట్‌ని అడగాలి' అని రాయండి. గంట తర్వాత అలసిపోయి తిరిగొచ్చినా ఆ వాక్యం చూడగానే చెయ్యి పనిలో పడాలి.

ఇది క్లయింట్ కోసమే అనుకోకండి. ఒక పనిని వదిలి ఇంకోదానికి వెళ్లినా మనసులో కొంత భాగం పాత పని దగ్గరే ఉండిపోతుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో చూపించారు. 2018లో థెరిసా గ్లోంబ్‌తో కలిసి ఆమె ఇంకో సంగతి గమనించారు. మళ్లీ వచ్చాక ఎక్కడ మొదలుపెట్టాలో కాస్త రాసుకుని లేచినవాళ్లు, మధ్యలో వచ్చిన పని మీద మెరుగ్గా ధ్యాస పెట్టగలిగారు. మన ఇంట్లో ఆ మధ్యలో వచ్చే పని అంటే పాపే. తనను ఒళ్లో కూర్చోబెట్టుకుని మెయిల్ గురించి ఆలోచిస్తుంటే పిల్లలకు ఇట్టే తెలిసిపోతుంది. మన ముఖం పట్టుకుని తమ వైపు తిప్పుకుంటారు. గుర్తు రాసుకోవడం మొదలుపెట్టాక నాకు అలా జరగడం బాగా తగ్గింది. ఈ పాఠంలో ఇంకేం చేయకపోయినా ఈ ఒక్కటి అలవాటు చేసుకోండి.

మధ్యలో వదలలేని పనులూ కొన్ని ఉంటాయి: ఫోన్ కాల్స్, లైవ్ మీటింగ్ నోట్స్, డబ్బు చెల్లింపులు. కాల్ అయ్యేదాకా పాప చేతికి ఫోన్ ఇచ్చి కూర్చోబెడదాం అనుకోవద్దు. అదే 2019 మార్గదర్శకాల్లో రెండేళ్లలోపు పిల్లలకు స్క్రీన్ అసలు వద్దని, 2–4 ఏళ్ల వాళ్లకు రోజుకు గంట దాటొద్దని ఉంది. ఇంట్లో పాపను చూసుకునే పెద్దవాళ్లు ఇంకెవరూ లేకపోతే కాల్స్ ఉన్న పని ఇప్పుడే ఒప్పుకోకండి. ఆదాయం కొంత తగ్గుతుందని తెలిసే చెబుతున్నాను.

క్లయింట్‌కి ఇచ్చే మాట కూడా దీనికి తగ్గట్టే ఉండాలి. 'ఎప్పుడూ అందుబాటులో ఉంటాను' అనొద్దు. 'ఈరోజు వచ్చిన మెయిల్స్‌కి రేపు మీరు పని మొదలుపెట్టేసరికి జవాబులు సిద్ధంగా ఉంటాయి' అని చెప్పండి. చాలామంది క్లయింట్లకు కావాల్సింది అదే.

ఇక ఇంటిపని. మీ సొంత మెయిల్‌బాక్స్‌లో 50 మెయిల్స్ తీసుకుని మూడు చుట్లూ చేయండి. మధ్యలో మీకు తెలియని సమయానికి అలారం పెట్టమని ఇంట్లోవాళ్లకు చెప్పండి. అది మోగగానే లేచి 20 నిమిషాలు పాపతో ఉండండి. తిరిగొచ్చి కూర్చున్నాక మొదటి మెయిల్ మీద చెయ్యి పడటానికి ఎంతసేపు పట్టిందో గడియారం చూసి రాయండి. నాలుగు రోజులు ఇలా చేసి ఆ అంకెలు దాచి ఉంచండి. 5వ పాఠంలో గంటల లెక్క, బిల్లు రాయడం నేర్చుకునేటప్పుడు వాటితోనే పని.